ఉత్త నీళ్లలో ఎర్రబడిన తీగ

దయ్యాల కబుర్లు మొదలైతే కుర్చీ ఎత్తుకుని పక్క గదిలోకి పోయే రకం నేను. రెండోసారి చేసి చూస్తే తప్ప దేన్నీ నమ్మను. చిక్కేమిటంటే, ఈ సంగతి నేను ఆరుసార్లు చేసి చూశాను.

1940ల మొదట్లో హైదరాబాదు నయాపూల్ దగ్గర ఒక చిన్న పరీక్షశాలలో పనిచేసేవాణ్ణి. పోలీసులు పంపే సీసాల్లో విషం ఉందో లేదో తేల్చడం మా పని.

ఆ ఎండాకాలం కిషన్‌బాగ్‌లో ఒక ఇంటి యజమాని వాంతులై చనిపోయాడు. ఆ ఇంట్లో పదకొండేళ్లుగా వండిపెడుతున్న మల్లమ్మ మజ్జిగలో మైలుతుత్తం కలిపిందని ఇంటివాళ్లు కేసు పెట్టారు. ఆమెను జైల్లో వేశారు. గ్లాసులో మిగిలిన మజ్జిగ మా దగ్గరికి వచ్చింది. మైలుతుత్తం అంటే రాగి ఉప్పు. మజ్జిగలో రాగి దొరికితే ఆమె పని అయిపోయినట్టే.

నిజం చెప్పాలంటే, సీసా మూత తీయకముందే నాకు ఆమె మీద అనుమానం. వంటింట్లో ఉండేది ఆమే కదా.

మజ్జిగను ఇగిర్చి, కాల్చి బూడిద చేసి ఆమ్లంలో కరిగిస్తాం. అందులో ప్లాటినం తీగ ముంచి బ్యాటరీ కరెంటు పంపిస్తే, రాగి నలుసంత ఉన్నా తీగకు ఎర్రటి పొరలా పట్టుకుంటుంది. తర్వాత కరెంటును వెనక్కి తిప్పితే ఆ పొర ఊడి శుభ్రమైన ఆమ్లంలోకి దిగుతుంది. అక్కడ ఒక చుక్క మందు వేస్తే రంగు బయటపడుతుంది. పక్కనే ఇంకో కప్పులో, అదే ఆమ్లం కలిపిన ఉత్త నీళ్లకు కూడా ఇదంతా చేయాలి. ఆ తీగ శుభ్రంగా ఉంటేనే మొదటి కప్పు మాటకు విలువ.

గంట తర్వాత చూస్తే మజ్జిగ కప్పులో తీగ తళతళలాడుతోంది. నీళ్ల కప్పులో తీగ ఎర్రబడింది.

కప్పులు మార్చేశాడని మా చప్రాసీ యాదగిరి మీద విరుచుకుపడ్డాను.

"పిల్లల మీద ఒట్టు సారూ, నేను ముట్టలే. గట్ల జూస్తవేంది?" అన్నాడు.

నమ్మలేదు. అతన్ని బయటికి పంపి తలుపు గడియ పెట్టాను. డిస్టిల్డ్ వాటర్ నేనే తయారుచేసుకున్నాను. కప్పులు నేనే కడిగాను. తీగలు అటుది ఇటు మార్చాను. పట్టపగలు, కిటికీ పక్కన, స్టూలు మీద నుంచి కదలకుండా కూర్చున్నాను. నా కళ్లముందే ఉత్త నీళ్లలోని తీగ ఎర్రబడింది. ఆరుసార్లూ అంతే. ఆమ్లంలో దోషముంటే రెండు తీగలూ ఎర్రబడాలి కదా? నాకు నిజంగానే భయం వేసింది.

నియమం ప్రకారం ఆ పరీక్ష చెల్లదు. నీళ్ల కప్పు సంగతి రాస్తే మల్లమ్మ ఎన్నాళ్లు జైల్లో మగ్గాలో తెలియదు. రాయకపోతే, ఎవరో చేసిన మతలబుకు లొంగి హంతకురాలిని వదిలేస్తున్నానేమో. రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి మజ్జిగలో రాగి లేదని రాసి సంతకం పెట్టాను. నీళ్ల మాట ఎత్తలేదు.

ఆమెను వదిలేశారు. ఆ తర్వాత మా పరీక్షశాలలో నీళ్ల తీగ ఏనాడూ ఎర్రబడలేదు.

కొన్ని వారాలకు మల్లమ్మ ఒక గిన్నెతో వచ్చింది. మూత తీస్తే సర్వపిండి, బియ్యప్పిండితో గిన్నెలో కాల్చే రొట్టె.

"నువ్వే బతికిచ్చినవంట సారూ. తిను, వేడిగున్నది."

నా చెయ్యి ముందుకు పోలేదు. ఆకలి లేదన్నాను. ఆమె నా ముఖం చూసింది, గిన్నె చూసింది. అంచు విరిచి నోట్లో వేసుకుని, నమిలి మింగింది.

"ఫికర్ జెయ్యకు సారూ. గిప్పుడు యాడ వండినా ముందుగాల నేనే తింటున్న" అంది.

సిగ్గుతో తల వంచుకుని తిన్నాను.

ఆ ఎర్ర పొర ఎక్కడిదో నేటికీ చెప్పలేను. తెలిసినవాళ్లను అడిగితే, కప్పు సరిగ్గా కడిగి ఉండవన్నారు. కావచ్చు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆమె ఎదురుగా కూర్చుని ఆ సర్వపిండి తింటున్నంతసేపూ, నాలుక మీద రాగి రుచి తగులుతుందేమోనని వెతుకుతూనే ఉన్నాను.