పెట్టా, పుంజా

"అమ్మా, ఇది పెట్టా, పుంజా?"

మా పాప అరచేతిలో పెట్టుకొచ్చిన గోధుమరంగు పిల్లకి అప్పటికి రెండు రోజులు. నేను లాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉన్నాను. "పెట్టేలే, వెళ్లి ఆడుకో" అనేశాను. ఆ ఒక్క మాట తర్వాత్తర్వాత నన్ను సరిగ్గా తిండి తిననివ్వలేదు.

కొండాపూర్‌లో ఒక పాతింటి ముందు వాటాలో మేము కిరాయికి ఉంటాం. వెనక వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి ఎండ కూడా సరిగ్గా పడని పెరట్లో ఆవిడ ఇప్పటికీ కోళ్లు పెంచుతుంది. ఉన్నవన్నీ పెట్టలే, పొదిగించే గుడ్లు తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకుంటుంది. ఒకప్పుడు గల్లీలో ఎవరి కోడి పొదిగి పిల్లల్ని లేపినా ఆవిడ దగ్గరికే తెచ్చేవారట, ఏది పెట్టో ఏది పుంజో చెప్పమని. ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు. ఈసారి కోడి ఐదు పిల్లల్ని లేపగానే నన్ను పిలిచింది. మా పాప కూడా వెంట వచ్చింది.

"నా కండ్లకు అంత మబ్బు గొడుతున్నది బిడ్డా. జర నువ్వే జూసి చెప్పు. వీట్ల ముందుగాల తేలిన పుంజును ఎల్లమ్మ తల్లికి మొక్కిన. ఆపరేషన్ మంచిగయితె చాలు."

"అలాగే ఆంటీ, నేను చూస్తాను కదండీ" అన్నాను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఐదు కోడిపిల్లలు ఒక లెక్కా అనుకున్నాను. నా మొహం!

ఫోన్‌లో ఒక వీడియో చూశాను. రెక్క విప్పి చూడాలట. ఈకలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా ఉంటే పెట్ట, అన్నీ సమానంగా ఉంటే పుంజు. ఐదింటినీ పట్టుకుని చూస్తే అన్నీ పొడుగూ పొట్టీగానే కనిపించాయి. "అన్నీ పెట్టలే ఆంటీ" అని చెప్పేశాను. ఆ పద్ధతి నాటుకోళ్లకి పనిచెయ్యదని అదే వీడియో చివర్లో ఉందట. చివరిదాకా చూసే ఓపిక నాకెక్కడిది?

అప్పటికే గోధుమరంగుది మా పాపదైపోయింది. కొత్త స్కూల్లో చేరాక ఇంట్లో సరిగ్గా మాట్లాడని పిల్ల, సాయంత్రం బస్సు దిగగానే బ్యాగు గుమ్మంలో పడేసి పెరట్లోకి పరుగెత్తేది. దాన్ని ఒళ్లో పెట్టుకుని చెవి దగ్గర ఏదో గుసగుసలాడేది. స్కూలు కబుర్లు చెప్పుకుంటోంది కాబోలు, పోనీలే, ఎవరో ఒకరితో మాట్లాడుతోంది అని కిటికీలోంచి చూసి సంతోషించేదాన్ని.

రెండో నెలలో ఒకరోజు నూకలు వేస్తూ వేస్తూ ఆగిపోయాను. మిగతా నాలుగింటి జుట్లు లేత పసుపులో చిన్నగా ఉన్నాయి. గోధుమరంగు దానిది మాత్రం ఎర్రబడి నిటారుగా లేచింది. కాళ్లు లావెక్కాయి. చెయ్యి ఊపితే మిగతావి ఒదిగి కూర్చున్నాయి, ఇది మెడ సాచి నా మీదికే చూసింది. పుంజు! అనుమానమే లేదు.

చెప్పాలి. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే రోజులు గడిపాను. చెప్తే మా పాప ఏమైపోతుంది? చెప్పకపోతే, అది ఏ తెల్లవారుజామునో కూసిందంటే? ఐదింటికే మెలకువ వచ్చేసేది. పక్క అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు మొదలైనా ఉలిక్కిపడేదాన్ని. ఆఫీసులో కూర్చున్నా చెవులు పెరట్లోనే ఉండేవి. ఆపరేషన్ అయి ఆవిడకి కళ్లు కనిపిస్తే మొదట చూసేది తన కోళ్లనే. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఒక దశలో ఆపరేషన్ వాయిదా పడితే బాగుండునని కూడా అనిపించింది. ఛీ, అనుకున్నాను, కానీ అనిపించిన మాట నిజం.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం ఆవిడ పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. మర్నాడు కట్టుకెళ్లే చీర ఒళ్లో పెట్టుకుని మడత పెట్టిందే మళ్లీ పెడుతోంది.

"గిట్ల ఎన్నడు గాలె బిడ్డా. ఐదు పిల్లలల్ల ఒక్క పుంజన్న లేకపోవుడేంది? తల్లికి నా మొక్కు అవుసరం లేదేమో. కన్ను పోతదని భయమైతున్నది" అని కొంగు కళ్లకి అద్దుకుంది.

"ఏం కాదండీ, మంచి డాక్టరు కదా" అన్నాను. గోధుమరంగుది నాలుగడుగుల దూరంలో నేల గీరుతోంది.

మా పాప వెళ్లి దాన్ని ఎత్తుకుంది. తిన్నగా వచ్చి ఆవిడ ఒళ్లో చీర మీద పెట్టింది.

"అవ్వా, ఇది పుంజే. నాకు ఎప్పుడో తెలుసు. కూయొద్దని రోజూ దీని చెవిలో చెప్పాను, అందుకే కూయలేదు. నీ కళ్ల కోసం ఇచ్చెయ్యి."

ఆవిడ బొటనవేలు దాని జుట్టు మీద ఒక్కసారి నడిచింది. మెడ ఈకలు తడిమింది, కాళ్లు పట్టి చూసింది. ఆ చేతులకి అరనిమిషం కూడా పట్టలేదు. తర్వాత నేనున్న వైపు మొహం తిప్పింది.

"మొదటి నెలల్నే ముట్టి జూస్తె నాకు ఎరుకయితుండె బిడ్డా. నువ్వు జెప్పినవు గద అని ముట్టలే."

తిట్టి ఉంటే బాగుండేది. "తప్పయిపోయిందండీ" అన్నాను. ఆవిడ తల ఊపింది. మర్నాడు ఆవిడ ఆటో ఎక్కుతుండగా పెరట్లోంచి పుంజు మొదటిసారి కూసింది. గొంతు సగంలో విరిగింది. మా పాప చెవులు మూసుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. నల్లద్దాలు తీసెయ్యమన్న తర్వాతి ఆదివారం ఆవిడ ఎల్లమ్మ గుడికి వెళ్లింది. గుడి దాకా దాన్ని ఎత్తుకొస్తానని మా పాప పట్టుబట్టి వెంట వెళ్లింది. నాకు వెళ్లే ధైర్యం లేకపోయింది. తిరిగొచ్చాక పాప కొంచెం పెరుగన్నం తిని పడుకుంది. నా వైపు తిరిగి పడుకోలేదు.

మొన్న మళ్లీ కోడి పిల్లల్ని లేపింది. నేను గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. మా పాప అరచేతిలో ఒక నల్లపిల్లని పట్టుకుని వస్తోంది. ఫోన్ పక్కన పెట్టి చెయ్యి చాచాను. నన్ను దాటి వెనక వాటా వైపు వెళ్లిపోయింది.

"అవ్వా, ఇది పెట్టా, పుంజా?"