మందు ముట్టని మనిషి కడుపులో

డాక్టరు పోయాడన్న సంగతి నాకు బాగేపల్లి బస్టాండులో తెలిసింది. చింతామణి బస్సు ఇంకా పూర్తిగా ఆగలేదు. కండక్టరు మెట్టు మీద నిలబడే నన్ను చూసి, "మేష్ట్రే, మీ డాక్టరు పొద్దున పోయినారంట, గుండె నిలిచిపోయిందంట" అని అరిచాడు. "మీ డాక్టరు" అన్న మాటకు పక్కనున్న ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన్ను ఈ ఊరి నుంచి వెళ్ళగొట్టింది నేనేనని వాళ్ళకు తెలుసు.

అదే బస్సులో చింతామణికి వెళ్ళాను. నాకంటే ముందే అక్కడికి చేరినవాళ్ళలో మా ఊరి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అందరికంటే పెద్ద దండ ఆయనదే. "దేవుడట్లా మనిషప్పా" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగేళ్ళ కిందట డాక్టరు మీద నేను రాసిన అర్జీలో మొదటి సంతకం ఈయనది. ఆ దండ గురించి ఎవరూ రాయరు కనుక నేను రాస్తున్నాను. ఆ అర్జీ గురించి కూడా ఎవరూ రాయరు.

నేను రిటైరైన హెడ్‌మాస్టరును. చేతికందిన ప్రతి కాగితం చదువుతాను. బెంగళూరులో మందుల వ్యాపారం చేసే మా బావమరిది టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రలు డబ్బాలతో పంపేవాడు. జ్వరమనో విరేచనాలనో ఎవరొచ్చినా, ఒక గొట్టం విప్పి పొడిని మూడు పొట్లాలు కట్టి, తేనెలో కలుపుకోమని ఇచ్చేవాణ్ణి. తగ్గగానే ఆపి, మిగిలిన పొట్లం ఇంకొకరికి ఇమ్మనేవాణ్ణి. పొదుపుగా వాడడం నాకు గొప్పగా కనిపించేది. కాస్త నలతగా ఉంటే నేనూ ఒక పొట్లం వేసుకునేవాణ్ణి.

డాక్టరు బాగేపల్లికి వచ్చిన కొత్తలోనే మా ఇంటికి వచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. అరుగు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"మేష్ట్రే, ఇస్తే క్రిములు చచ్చేంత ఇయ్యండి, లేకుంటే ఇయ్యద్దండి. కొంచెం కొంచెం ఇచ్చి వాటికి పాఠం చెప్తాండారు మీరు."

"పాఠం చెప్పడమే కదప్పా నా వృత్తి" అన్నాను. అరుగు మీదున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వి, "మీ శిష్యులు ఎప్పుడన్నా ఫెయిలైనారా మేష్ట్రే? ఈ క్రిములు మాత్రం కావు" అని వెళ్ళిపోయాడు.

ఆయన అలవాట్లు ఊరికి వింతగా ఉండేవి. రోగిని ముట్టుకోకముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవాడు. అదే చూసి అంటూసొంటూ పాటించే మనిషని పుకారు లేపారు. నిజానికి ఆయన ఎవరింట్లోనైనా కూర్చుని తినేవాడు. ఆస్పత్రి కిటికీ దగ్గర ఒక సూక్ష్మదర్శిని, పక్కన క్రిములను పెంచడానికి లాంతరు వేడితో నడిచే చెక్కపెట్టె ఉండేవి. ఆఫీసులో కాగితాలకు చిల్లులు పెట్టే పంచితో తెల్ల కాగితం గుండ్రంగా కత్తిరించి, మందులో నానబెట్టి, క్రిములు పెరిగే జెల్లీ మీద పరిచేవాడు. మందు పనిచేస్తే కాగితం చుట్టూ ఖాళీ జాగా ఏర్పడుతుంది. "ఇది చంద్రుని చుట్టూ వరదగుడి కట్టినట్లు ఉండాది చూడండి" అని నర్సులను పిలిచి చూపించేవాడు.

నా భార్యకు రక్త విరేచనాలు పట్టుకున్నప్పుడు నేను ఆయన దగ్గరికే పరుగెత్తాను. ఆయన టెట్రాసైక్లిన్ ఇచ్చాడు. తగ్గలేదు. ఇంకో మందు ఇచ్చాడు, దాని తర్వాత సూది వేశాడు. ఏదీ పనిచేయలేదు. ఆరో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది.

"ఈయమ్మకు మీ పొట్లాలు ఎన్నిసార్లు ఇచ్చినారు?" అని అడిగాడు.

"ఒక్కటీ లేదు. ఇంగ్లీషు మందంటే అసహ్యం. ఈ ఆరు రోజులు తప్ప జన్మలో ముట్టలేదు."

ఆయన వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. తర్వాత మెల్లగా, "తిండి యాడ తినేదప్పా ఆమె?" అన్నాడు.

"నేను తిన్న కంచంలోనే. పెళ్ళైనప్పటి నుంచి అంతే. నేను కలిపి వదిలిన సంగటి ముద్ద తింటే తప్ప ఆమెకు తృప్తి ఉండేది కాదు."

మర్నాడు ఒక చిన్న సీసా పంపాడు. నా మలం పరీక్షకు కావాలట. నిక్షేపంగా ఉన్న మనిషిని, పెళ్ళాం చితి ఇంకా ఆరని మనిషిని అడిగే మాటేనా అది? ఇచ్చాను గానీ, ఆ కోపంతోనే అర్జీ రాశాను. చేతకాక ఒక ఆడమనిషిని చంపాడనీ, దుఃఖంలో ఉన్నవాణ్ణి అవమానించాడనీ రాశాను. తెలుగు మాట్లాడే మా ఊళ్ళో, కర్ణాటక సర్కారుకు తప్పుల్లేని కన్నడంలో అర్జీ రాయగలిగినవాణ్ణి నేనే. ఆయన్ను చింతామణికి వేశారు. పై ఆఫీసుకు ఆయన ఒక్క ముక్క జవాబు రాయలేదు. తప్పు ఒప్పుకున్నాడని నేను ఊరంతా చెప్పాను.

రెండేళ్ళ తర్వాత, బెంగళూరు లైబ్రరీలో ఒక విదేశీ పత్రిక తిరగేస్తుంటే, మందు తినని రోగుల్లో మందుకు లొంగని క్రిములు కనిపించాయన్న వ్యాసం కంటబడింది. చదవడం పూర్తి చేయలేకపోయాను. మర్నాడు పొద్దున చింతామణి ఆస్పత్రిలో ఆయన ముందు కూర్చున్నాను.

ఆయన చీటీ వెనక రెండు కోడిగుడ్లలాంటి బొమ్మలు గీశాడు. "ఇది మీ కడుపులో ఊరికే బతికే క్రిమి, చెడ్డది కాదు. ఇది రోగం తెచ్చేది. మొదటిది సన్నని పోగు చాచి రెండోదాన్ని పట్టుకుంటాది. దగ్గరికి లాక్కుంటాది. గోడకు గోడ ఆనించి, మందును ఓడించే విద్య ఉండే డి.ఎన్.ఏ.ను ఆ పొరల్లోంచి అవతలికి దాటిస్తాది. ఇచ్చినది పోగొట్టుకోదు. రెండింటి దగ్గరా ఉంటాది."

"కులగోత్రాలు చూడవా?"

"చూడవు మేష్ట్రే. వేరే జాతికైనా ఇస్తాయి. పుట్టేది లేదు, చచ్చేది లేదు. పొద్దున ఉండిన క్రిమే సాయంత్రమూ ఉంటాది. కానీ అది వేరే అయిపోయుంటాది."

"మీరు పంపిన సీసాలో నేనిచ్చినదాంట్లో ఏం తేలింది?"

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. "వద్దు మేష్ట్రే."

"చెప్పండి డాక్టరప్పా."

"మీ మంచి క్రిములను, మందుకు లొంగే రోగపు క్రిములను ఒకే రసంలో కలిపి పెట్టినాను. పొద్దునకి ఆ రోగపువి లొంగడం మానేసినాయి. మీరు పంచిన మందుకే కాదు, ఎప్పుడూ పంచని మూడింటికి కూడా."

కిటికీ బయట ఎవరో ఆవును అదిలిస్తున్నారు. నేను అడిగాను: "అర్జీకి జవాబుగా ఇది ఎందుకు రాయలేదు?"

"రాస్తే, ఆ విద్య మీ కంచంలోంచే ఆమె కడుపుకు పోయిందని ఆఫీసులో పదిమంది చదువుతారు. ఆనక బాగేపల్లంతా చదువుతాది. పెళ్ళాం పోయిన మనిషికి అదీనా?"

ఇదీ ఆయన. సంజాయిషీ చేతిలో ఉంచుకుని ఊరు వదిలాడు. నేను జీవితమంతా చదివిన పుస్తకాల్లో ఇంత మర్యాద నాకు ఎదురుపడలేదు. ఆయన బతికుండగా ఈ ముక్క రాసి ఊరికి చెప్పే ధైర్యం నాకు రాలేదు. సంతకాలు పెట్టినవాళ్ళను నేను తిట్టుకుంటూ ఉంటాను గానీ, వాళ్ళు నమ్మింది నా దస్తూరీని.

ఆ రోజు నుంచి నా ఒళ్ళు నా ఒక్కడిది కాదనిపిస్తుంది. భోంచేసి కూర్చుంటే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ నాలో ఎక్కడో ఏవో పోగులు చాచుకుంటున్నాయి, దగ్గరికి లాక్కుంటున్నాయి, ఏదో దాటిస్తున్నాయి. నొప్పి లేదు, చప్పుడు లేదు. నేను నేర్పింది నేను అడగకుండానే చేతులు మారుతోంది.

డాక్టరును సాగనంపి తిరిగి వస్తుంటే బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడిన ఒక తల్లి, "రవ్వంతసేపు పట్టుకో అప్పా" అంటూ జవాబు కోసం ఆగకుండా పసిపిల్లను నా ఒడిలో దించింది. పాప నన్ను ఎగాదిగా చూసింది. నా చూపుడువేలు పట్టుకుని నోటి దగ్గరికి లాక్కుంది. నేను పిడికిలి బిగించాను. దానికి అదొక ఆటలా తోచింది కాబోలు, ఏడవలేదు. బస్సు బాగేపల్లి చేరేదాకా, తడి చేతులతో నా వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పడానికి చూస్తూనే ఉంది.