నాలుగంతస్తుల కచేరీ చరిత్ర వెతుక్కుంటూ

పొద్దున ఏడుంపావుకు బోధన్‌లో బస్సెక్కాను. దూరాన ఉన్న మెండోర బడికి నా బదిలీ ఆపాలంటే ఒక చిన్న పని చేసిపెట్టమన్నారు నిజామాబాదులోని మా అధికారి. అక్కడ ఊరి నడుమ కొత్తగా లేచిన నాలుగంతస్తుల కచేరీకి, అంటే సర్కారు కార్యాలయాల భవనానికి, ప్రారంభోత్సవమట. దాని చరిత్ర రెండు పేజీల్లో రాయాలట. తెలుగు పండితుణ్ణి కనుక నేను దొరికాను. నా భార్య బోధన్ ఆసుపత్రిలో నర్సు. నేను మెండోర పోతే కాపురం రెండు చోట్లవుతుంది. సరేనన్నాను.

బోధన్ దాటకముందే చెరకు బండ్లు దారికడ్డం నిలిచాయి. రెండు గంటలు పోయాయి.

"చెరుకు దినాలల్ల బస్సెందుకెక్కినవ్ సారూ, రైలుకు పోకపోతివి," అంది పక్కనున్న అవ్వ. ఆ మాట ఎక్కేముందు చెప్పినవాళ్లు లేరు.

పదిన్నరకు నిజామాబాదులో ఆ భవనానికి చేరాను. లిఫ్టు కోసం వదిలిన గుంతలో సిమెంటు బస్తాలున్నాయి. కట్టడం తాలూకు పాత కాగితాలు పైనున్నాయని కిందివాళ్లు, కిందున్నాయని పైవాళ్లు. నాలుగంతస్తులూ రెండుసార్లు ఎక్కి దిగాను. ఒంటిగంటకు ఎదుటి హోటల్లో చల్లారిన ఉప్మా తిని వచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

అక్కడ గచ్చు చేస్తున్న ముసలి మేస్త్రీ, ఖాదర్ అట, "ఏం దేవులాడుతున్నరు సార్?" అన్నాడు. చెప్పాను.

"నన్నడగకపోతిరి. ఈడ గడ్డి మండి ఉండె. రెండంతస్తులకే పునాది తీసినం. ఆఫీసులు పెరిగినయని ఇంకో రెండు ఎక్కిచ్చిన్రు." తాపీ పక్కన పెట్టాడు. "మూడో స్లాబు పోసేనాడు మా తమ్ముడు యూసుఫ్ మీదికెల్లి పడిండు. బతకలే. గా మాట రాస్తరా?"

రాస్తానన్నాను. అక్కడే కూర్చుని రాశాను.

మూడింటికి అధికారి చదివి, యూసుఫ్ పేరున్న వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు. "శుభకార్యానికి ఇది వద్దు మాస్టారూ. తీసేసి రాసివ్వండి, మీ బదిలీ సంగతి నేను చూసుకుంటాను."

పొద్దుటి నుంచి అణచుకున్న విసుగంతా ఒక్కసారి పైకొచ్చింది. "పొద్దంతా తిరిగితే పేరూ ఊరూ ఉన్న మాట ఇదొక్కటే దొరికింది సార్. ఇది తీస్తే రాయడానికేం లేదు," అని కాగితాలు వెనక్కి తీసుకున్నాను.

"అయితే సోమవారం మెండోరలో చేరండి," అన్నారాయన తలెత్తకుండా.

అయిదున్నర రైలు ఆరున్నరకు కదిలింది. జానకంపేటలో మళ్లీ ఆపారు, ఎందుకో చెప్పే నాథుడు లేడు. ఆగిన రైల్లో కూర్చుంటే పొద్దంతా ఎక్కి దిగిన మెట్లే గుర్తొచ్చాయి. ఆ భవనం చూడదగ్గదే. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. వాకిట్లో శిలాఫలకం నిండా పెద్దల పేర్లున్నాయి, కట్టినవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

ఇంట్లో ఆమెకు ఏమని చెప్పాలో బోధన్ వచ్చేదాకా మాట కుదరలేదు. ఆ వాక్యం తీసేసి ఉండాల్సిందని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.