అడ్డకడ్డీల తీగలక్క

రేవు పక్క మేడ మీద ఎనిమిది స్తంభాలు. ఒక్కోదానికి నిలువుగా ఒక కడ్డీ, అడ్డంగా ఒక కడ్డీ. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ల రేడియో పిలుపు ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పే యాంటెన్నాలవి. ఇరవై ఏళ్లుగా వాటి తుప్పు గీకి, వైర్లు అతికి, ఆవిడ అందరికీ తీగలక్క అయిపోయింది. కోపం ముక్కు మీదే ఉండేది. ఉండదా మరి?

కొత్తగా వచ్చిన అధికారి అడ్డకడ్డీల కేబుళ్లు పీకించాడు.

"పరీక్షల్లో వాటికి ఏమీ అందట్లేదు. దండగ."

"ఎలా అందుతుంది సార్? పరీక్షకు వాడే రేడియో పెట్టెను ఎప్పుడూ స్టాండు మీద నిటారుగా నిలబెడతాం. దాని తరంగం నిలువు కడ్డీకే దొరుకుతుంది. నీళ్లలో పడినవాడి పెట్టె నిటారుగా నిలబడుతుందా?"

"వైర్లు మీరు చూసుకోండి. లెక్కలు నేను చూసుకుంటాను."

గాడిదగుడ్డు లెక్కలు, అనుకుని పళ్లు నూరిందావిడ.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం పడవ బోల్తా పడింది. నీళ్లలో ఐదుగురు. తెర మీద గీత తాగినవాడిలా ఊగి ఊగి ఉత్తరం చూపిస్తే, అధికారి రక్షణ పడవను ఉత్తరానికే పంపాడు. రేవులో మైకు వైరు అతుకుతున్న తీగలక్కకు కబురంది, పరుగున వచ్చేసరికి అరగంట గడిచింది.

"నీళ్లలో వాళ్ల పెట్టె పక్కకు పడుకుంది సార్. అడ్డకడ్డీలు కలపనివ్వండి."

"ఆగండి, పై ఆఫీసును అడగాలి."

ఫోను ఎవరూ ఎత్తలేదు. తీగలక్క పది నిమిషాలు మేడమెట్ల దగ్గర నిలబడి, ఇక ఎవరి మాటా వినకుండా పైకెక్కి ఎనిమిది కేబుళ్లూ బిగించింది. గీత నైరుతికి తిరిగి, మేకు కొట్టినట్టు నిలిచింది. రక్షణ పడవ అటు మళ్లింది.

నలుగురు ప్రాణాలతో వచ్చారు. ఐదోవాడు పడవ చేరేసరికే చల్లబడిపోయాడు.

సాయంత్రం అతని భార్య వచ్చింది. "సముద్రం బాగాలేదమ్మా, మా చేతుల్లో ఏముంది" అన్నాడు అధికారి.

తీగలక్కకు ఒళ్లు మండిపోయింది.

"సముద్రం మీదికి నెట్టకండి. నలభై నిమిషాలు తప్పు దిక్కున వెతికామమ్మా. ముప్పై ఈయనవి. పది నావి. ఈయన సరే అంటారేమోనని మెట్ల దగ్గర నిలబడ్డాను."

చనిపోయినవాడి భార్య అధికారి వంక చూడనైనా లేదు.

"తెలిసి కూడా నిలబడ్డావా అక్కా?" అంది.