చిట్కుల్‌లో వేలాడుతున్న కడ్డీలు

సంగారెడ్డి కొత్త బస్టాండులో పొద్దున ఏడుంబావుకు పటాన్‌చెరు వైపు వెళ్ళే బస్సు ఎక్కాను. చేతిలో గోనెపట్టాలో చుట్టిన మూట. అందులో ఒక ఉక్కు కడ్డీ, రెండు ముక్కలుగా విరిగినది. ఇస్త్రీ చొక్కా వేసుకుని గోనెమూటతో బస్సెక్కినవాళ్ళు మా వంశంలో నాకు ముందు ఎవరూ ఉండి ఉండరు.

ఆ కడ్డీ మా తాత ఓడలో తెప్పించిన రెండు సీట్ల కారుది. పాత రన్‌వేల మీద జరిగే పందేలలో మా నాన్న దాన్ని నడిపేవారు. కొండాపూర్ మండలంలో ఉన్న మా భూములు పోయాయి, ఇల్లు పోయింది. కారు మిగిలింది. ముప్పై ఆరేళ్ళుగా దాని ముందు ఎడమ చక్రం నేల మీద నిలబడలేదు కాబట్టి ఎవరూ కొనలేదు. రెండేళ్ళుగా ఇంజిన్, బ్రేకులు బాగుచేయించుకుంటూ వచ్చాను. కారు పెట్టిన షెడ్డును ఈ నెలాఖరుకు ఖాళీ చేయమని యజమాని చెప్పాడు. అప్పటికి కారు నాలుగు చక్రాల మీద నిలబడాలి, లేకపోతే పాత ఇనుముకు వెళ్ళాలి.

మామూలు కార్లకు చక్రం దగ్గర చుట్ట స్ప్రింగు ఉంటుంది. మా కారుకు ముందువైపు అది లేదు. ఇటూ అటూ ఒక్కొక్క పొడవాటి కడ్డీ ఉంటుంది. చక్రం గుంతలో పడితే కడ్డీ మెలిపడి, మళ్ళీ విడివడుతుంది. టార్షన్ బార్ అంటారు. విదేశాల్లో ఇద్దరికి రాశాను, కోయంబత్తూరులో ఒకరికి ఫోన్ చేశాను. ఎక్కడా లేదు. ఇక మిగిలింది ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు.

కండక్టర్ మూటకు కూడా టికెట్ కొట్టాడు. పక్క సీటులో కూర్చున్న పూలబుట్ట ఆమె జీరో టికెట్ చూపించి నవ్వింది.

"ఆడోళ్ళకు ఫ్రీ, ఇనుముకు పైసలు. ఏముంది సార్ అండ్ల?"

"కారు సామాను."

"కారుండంగ బస్సుల వోతున్రా?"

నేను కిటికీలోంచి చూశాను. బస్సు కంది ఊరు దాటింది.

పటాన్‌చెరులో దిగేసరికి ఎనిమిది దాటింది. బస్టాండు ఎదుట పూరీ తిని, ఆటోలో పారిశ్రామికవాడకు వెళ్ళాను. ఇలాంటి పనికి వెళ్ళేవారు తొమ్మిదిన్నరకు ముందు వెళ్ళకండి. యంత్రాలు మొదలవుతాయి గానీ, మాట చెప్పగల మనిషి వచ్చి ఉండడు. మొదటి షాపులో ఒడిశా కుర్రాళ్ళు ముక్కల్ని తిప్పి చూసి "నహీ హోగా సాబ్" అన్నారు. రెండో షాపులో లారీ కమాన్ పట్టీలు తప్ప ఇంకేవీ చేయమన్నారు. మూడోది శేఖర్ అనే ఆయన స్ప్రింగుల వర్క్‌షాపు. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, విరిగిన కడ్డీ కొసను గుడ్డతో తుడిచాడు.

"సార్, గీ బాణం గుర్తు చూసిన్రా?"

చూశానన్నట్టు తలూపాను.

"ఇది కుడి దిక్కు కడ్డీ. తయారు చేసేటప్పుడే ఒక్క దిక్కు మెలేసి అలవాటు చేస్తరు. దీన్ని ఎడమ దిక్కు ఎక్కిచ్చిన్రు. ఉల్టా మెలేస్తే ఇర్గక ఏమైతది? ఎవడు సార్ గా చేతగానోడు?"

"అప్పటి మా మెకానిక్," అన్నాను.

"ఆడు నా దగ్గరుంటే చెవులు పిండుతుంటి." శేఖర్ కడ్డీని బల్ల మీద పెట్టాడు. "లేత్ మీద కోస్తే అయ్యేది కాదు సార్ ఇది. కాల్చాలె, సల్లార్పాలె, మెలేసి సెట్ చేయాలె. ఈ ఫ్యాక్టరీల బెల్ట్‌ల గసొంటి పని తెల్సిన మనిషి ఒక్కడే. నాకు పని నేర్పిన ముసలాయన. రిటైరై చిట్కుల్‌ల ఉంటడు, దానియేలు తాత. నా పేరు చెప్పుండ్రి."

ఆయన ఇచ్చిన విజిటింగ్ కార్డు జేబులో పెట్టుకుని బయటకు వచ్చాను. రోడ్డు దాటి ఒక చెట్టు నీడలో చాలాసేపు నిలబడ్డాను.

నేను చెప్పిన ఆ మెకానిక్ పేరు దానియేలు. మా నాన్న కారును పద్నాలుగేళ్ళు చూసుకున్న మనిషి. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, దానియేలు ఊళ్ళో లేని రోజు, నా చేతులతో నేనే కడ్డీలు విప్పి గ్రీజు పెట్టి మళ్ళీ బిగించాను. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మూడో రోజు నాన్న నడుపుతుండగా ఎడమది విరిగింది. ఎవరు ముట్టుకున్నారని అడిగితే నేను దానియేలు పేరు చెప్పాను. ఆ సాయంత్రమే ఆయన పని పోయింది. ఈరోజు మళ్ళీ అదే మాట చెప్పాను, ఎంతో సులువుగా.

మా ఇంట్లో ఎవరి గడపకూ వెళ్ళి అడిగే అలవాటు లేదు. ఏది కావాలన్నా కబురు పంపేవారు. ఇప్పుడు పంపడానికి మనిషి లేడు. ఉన్నా పంపగల కబురు కాదు. ఇస్నాపూర్ షేర్ ఆటో ఎక్కాను. అక్కడ ఇంకో ఆటో మారి చిట్కుల్ చేరేసరికి పదకొండు నలభై.

ఫ్యాక్టరీ వాళ్ళు కిరాయికి ఉండే వరుస గదులు దాటాక, తలుపు మీద సిలువ ఉన్న చిన్న డాబా ఇల్లు. యాభై దగ్గరపడుతున్న ఒకామె బయటకు వచ్చింది. పేరు రూతు అనీ, బడిలో టీచరనీ తర్వాత తెలిసింది.

"ఎవరు గావాలె?"

"దానియేలు," అన్నాను, మా ఇంట్లో అలవాటైన పద్ధతిలోనే.

"ఈ గల్లీల మా నాయినను అందరు తాత అంటరు. మీరెవరు?"

మా నాన్న పేరు చెప్పాను. ఆమె ముఖం బిగుసుకుంది. లోపలినుంచి దగ్గు, వెనకే ఒక గొంతు.

"చిన్న దొరనా? కొయ్యలెక్క నిలబడ్డడా చూడు బిడ్డా. నిలబడితే ఆయననే."

లోపల దానియేలు మంచం మీద బనీనుతో కూర్చుని ఉన్నారు. కళ్ళలో పొర. మూట విప్పి ముక్కను చేతికిచ్చాను. బొటనవేలితో కొసను తడిమి, బాణం దగ్గర ఆపారు.

"దీన్ని ఇంక పారెయ్యలేదా?"

"ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"తిన్నవా?"

"లేదు."

"ముందుగాల తిను."

మా ఇంటి మగవాళ్ళు దానియేలు వాళ్ళ ఇళ్ళలో మంచినీళ్ళు తాగారని కూడా నేను వినలేదు. చాప మీద కూర్చున్నాను. చింతచిగురు పప్పు, అన్నం, వేయించిన మిరపకాయలు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాక, తల వంచుకునే చెప్పాను.

"ఆ కడ్డీలు మార్చి ఎక్కిచ్చింది నేను. నాయిన అడిగితే నీ పేరు చెప్పిన. పొద్దుగాల శేఖర్‌కు గూడ అదే చెప్పిన."

"శేఖర్ సంగతి తెల్వదు. మొదటిది నాకు ఎరికనే. ఆ పొద్దే బాణం జూసిన గద."

"మరి నాయినతోని ఎందుకు చెప్పలే?"

"చెప్తే పెద్ద దొర నిన్ను ఇంట్ల ఉండనిచ్చునా? నాకు ఇంకోతాన పని దొర్కుతది. నీకు ఇంకో నాయిన యాడ దొర్కుతడు?"

వంటగది గుమ్మంలోంచి రూతు అంది, "పని దొరికింది, రెండేండ్లకు. ఆ రెండేండ్లు మా అమ్మ కంపెనీల ఊడ్సింది."

"నిన్ను ఎవరడిగిన్రు బిడ్డా?"

"ఎవ్వరడగలే. అందుకే చెప్తున్న."

"తప్పయింది తల్లీ," అన్నాను. ఆ మాట నా నోట ఎవరితోనూ వచ్చిన గుర్తు లేదు. ఆమె వచ్చి మజ్జిగ గిన్నె నా వైపు జరిపింది.

చేతులు కడుక్కున్నాక దానియేలు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. గోడకు రెండు కొక్కేలు. వాటికి సైకిల్ ట్యూబుల్లో చుట్టిన రెండు పొడవాటి కడ్డీలు నిట్టనిలువుగా వేలాడుతున్నాయి. ట్యూబు కొంచెం జరిపారు. గ్రీజు కింద ఉక్కు తళుక్కుమంది.

"ఒకటి ఇర్గితే రెండోది గూడ ఖరాబైనట్టే. అందుకని జోడు చేసిన. రిటైరయ్యే ముందల మా కంపెనీ సూపర్‌వైజర్‌ను అడిగి, మిగిలిన ఉక్కుల చేసిన. కొల్తలు నా చేతికి యాదికుండె. ఇర్వై ఏండ్లయితుంది."

"నేనొస్తనని ఎట్ల అనుకున్నవ్?"

"కారుంటే ఎప్పుడన్న అడుగుతరనుకున్న."

"అడగకపోతే?"

"బట్టలారేసుకుంటుంటిమి."

రూతు నవ్వు ఆపుకోలేకపోయింది. "పాత ఇన్పసామానోనికి ఏద్దామని ఎన్నిసార్లు మొత్తుకున్ననో! దుమ్ము దులిపి మళ్ల ఆడనే తగిలిస్తడు. పడుకోబెడితే వంగుతయంట."

ఒక కడ్డీకి ఎర్రగుడ్డ పీలిక కట్టారు. "ఇది ఎడమది. ఈసారన్న ఉల్టా ఎక్కియ్యకు."

"నువ్వే వచ్చి ఎక్కియ్యాలె అన్నా."

ఎందుకు అలా పిలిచానో నాకు తెలియదు. ఆయన పీలిక ముడి రెండుసార్లు బిగించారు.

"కబురు పంపుతవా?"

"లేదు. నేనే వచ్చి తోల్కపోత. ఆదివారం."

"చర్చి అయినంక రా. కార్ల వస్తవా?"

"బస్సుల."

"గంతే గద," అని నవ్వి, మంచం మీదికి చేరారు. రూతు ఆటో దాకా వచ్చి, కడ్డీలను జాగ్రత్తగా అందించింది. "ఆదివారం పన్నెండు దాటినంక రండి సార్. అప్పటికి అన్నం గూడ అయితది," అంది.

ఇస్నాపూర్‌లో మూడుంబావుకు సంగారెడ్డి బస్సు దొరికింది. కండక్టర్ కడ్డీల వైపు అనుమానంగా చూశాడు.

"ఏంది సార్, కొట్లాటకా?"

"కారుకు," అన్నాను. మళ్ళీ లగేజీ టికెట్టే.

రుద్రారం దగ్గర జేబులోంచి కార్డు తీసి శేఖర్‌కు ఫోన్ చేశాను. అవతల యంత్రాల మోత.

"శేఖర్ గారూ, పొద్దున అడిగారు కదా, ఆ చేతగానోడెవడని."

"ఆ సార్?"

"నేనే. దానియేలన్న కాదు. నేను పొద్దున చెప్పిన మా మెకానిక్ ఆయనే."

అటు వైపు ఎవరినో మిషన్ బంద్ చేయమని కేకేశాడు. మోత ఆగింది. "తాతతోని చెప్పిన్రా?"

"చెప్పాను. ఆదివారం వస్తానన్నారు."

"అయితే నేను గూడ వస్త సార్. తాత చేసిన కడ్డీ ఎక్కంగ చూడాలె." ఫోన్ పెట్టేస్తూ అన్నాడు, "చెవులు మాత్రం భద్రం."

ఈ పని మీద ఈ బెల్ట్‌కు వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. కావలసిన సామాను అక్కడ ఉండకపోవచ్చు గానీ, అది చేయగల మనిషి ఎక్కడో ఒక గల్లీలో ఉంటాడు. షాపు బోర్డులు చదివితే దొరకడు, అడిగితే దొరుకుతాడు. నాకు అడగటం రాక ముప్పై ఆరేళ్ళు పట్టింది. దూరం మాత్రం మా షెడ్డు నుంచి గంట ప్రయాణమే.

కంది దగ్గర ఒక కాలేజీ అమ్మాయి లేచి, సీటు చూపించింది. "కూసోండి అంకుల్. రాడ్లు కింద పెట్టుండ్రి."

వద్దన్నాను. పడుకోబెడితే వంగుతాయి. ఎర్ర పీలిక కట్టినది ఎడమచేతిలో, రెండోది కుడిచేతిలో నిలువుగా పట్టుకుని, సంగారెడ్డి దాకా నిలబడే వచ్చాను.