ఫ్రూ ఎకెన్‌స్టామ్ పటంలో కయ్సా చేతులు

1871 అక్టోబరు ఇరవై నాలుగు, మంగళవారం. గోథెన్‌బర్గ్ రేవుపట్నం మీద తెల్లవారినప్పటి నుంచి మంచు కలిసిన వాన పడుతూనే ఉన్నది. దాసీలకు ఏడాదికంతటికీ సొంతమయ్యే ఒకే ఒక్క వారం ఆనాడే మొదలు. కొలువు మారాలన్నా, కన్నతల్లిని చూడాలన్నా ఆ వారంలోనే.

దాసీ కయ్సాకు ఆ ఏడు అంతకంటె పెద్ద పని ఉన్నది. డాల్స్‌లాండ్‌లో, ఆమె సొంత ఊళ్ళో, ఆమెను చేసుకోబోయే ఎలోఫ్‌కు ఒక భూస్వామి ఇల్లూ, బంగాళదుంపల చేనూ కౌలుకిస్తానన్నాడు. అయితే పెళ్ళి నిశ్చయమైనవాడికే. ఆదివారం చర్చిలో పాదిరి పెళ్ళి ప్రకటనగా ఇద్దరి పేర్లూ చదవాలి. అంతకుముందే ఇద్దరూ ఆయన ఎదుట నిలవాలి.

ఇక్కడేమో యజమానురాలు ఫ్రూ ఎకెన్‌స్టామ్ తైలవర్ణ చిత్రం సగంలో ఉన్నది. సంపన్న గృహిణులు ముఖం గీసే వరకే కూర్చుంటారు. ఆ తరువాత వాళ్ళ పట్టు గౌను తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పూటలకు పూటలు బొమ్మలా ఉండవలసింది దాసీ. ఆ దేశంలో ‘ఫ్రూ’ అంటే అమ్మగారు; పెద్దలను ‘మీరు’ అనడం కూడా చనువు కిందే లెక్క. ఎదుట ఉన్న మనిషినే ఎక్కడో ఉన్నట్లు ప్రథమ పురుషలో ప్రస్తావించాలి. చిత్రకారుడు వెస్టర్‌బెరి వేళాకోళానికి ఆ మర్యాదను కయ్సాకు చేసేవాడు.

“ఫ్రూ గారు గడ్డం కాస్త ఎత్తితే బాగుంటుంది. ఫ్రూ గారు రేపు కూడా దయచేస్తే ఎడమ చేయి పూర్తవుతుంది.”

అసలు ఫ్రూ అడ్డు చెప్పలేదు. “నీ వారం నీది, కయ్సా. వెళ్ళు. చేతులెవరివైతేనేం, ఆయన వేసుకుంటాడు.”

వంటమనిషి మాలిన్ ఊరుకోలేదు. “ఏమే, పట్టు తొడిగేసరికి నడకే మారిపోయిందే! ఇక మా గంజి నీ గొంతు దిగుతుందా? రేపటి పడవ తప్పిందా, నీ ఎలోఫ్ రేవులో కొయ్యబారిపోతాడు.”

“ఎల్లుండి పడవ ఉందిగా అక్కా. ఒక్క రోజేగా.”

ఆ ఒక్క రోజు ఆమె ఆ గౌనులోనే ఉండిపోయింది. గురువారం ఎక్కిన పడవ వేనెర్న్ సరస్సు ఒడ్డున గాలివానకు ఆగిపోయింది. సోమవారం ఆమె ఊరు చేరేసరికి చర్చిలో పేర్లు చదవడం అయిపోయింది. అవి మరో జంటవి. చేను వాళ్ళకే పోయింది.

“అమ్మగారు పంపలేదు,” అన్నది కయ్సా, తల వంచుకుని.

 “నీ వారమే నీది కానప్పుడు, నువ్వు నా మనిషివెట్లా అవుతావే?” అని, ఎలోఫ్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నిజం చెప్పి ఉంటే అతడు కోపగించుకునేవాడు. బహుశా కోపం తీరాక వేచి ఉండేవాడు కూడా. ఆ ‘బహుశా’ను కయ్సా జీవితమంతా మోసింది. అతడు మరుసటి ఏడు మరొకతెను పెళ్ళాడి కౌలు సంపాదించుకున్నాడు. కయ్సా మరికొన్నేళ్ళు కొలువు చేసి, కుట్టుపనికని సొంత ఊరు చేరింది.

ఫ్రూ పోయాక, పటాన్ని ప్రదర్శనకు పెడుతున్నామనీ, చూడడానికి వస్తే ప్రయాణపు ఖర్చు పంపుతాననీ ఆవిడ కూతురు కయ్సాకు రాసింది. 1893లో కయ్సా పంపిన జవాబు ఇది:

“చిన్నమ్మగారికి నమస్కారాలు. నేను రాలేను, క్షమించాలి. మీ అమ్మగారి చేతులు ఎంత అందంగా ఉన్నాయని జనం అంటే, అననివ్వండి. ఆవిడ నన్ను వెళ్ళమనే చెప్పారు. ఈ ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా ఆవిడను తిడుతున్న మనిషి ఒకరున్నారు. ఆయన చెవిన ఈ మాట ఇంకా వెయ్యలేకపోయాను. నిన్న ఆయన భార్య రై రొట్టె తెచ్చి ఇచ్చింది. మంచి మనిషి. ఆవిడ చేతుల నిండా చేలో మట్టి.”