నూరీ ఎడమపక్క

మా కైలాసం పెద్దబాపు మాట్లాడేటప్పుడు మనిషి మొఖం చూడడు. గుర్రం చెవులు చూస్తూ మాట్లాడతాడు. ఆయన మా నాన్నకు అన్న. షాద్‌నగర్ దిక్కున ఒక గుర్రాల ఫారంలో ఇరవై ఏళ్లు గుర్రాలను చూసుకునే సైసుగా పనిచేశాడు. ఆ ఫారం మూతపడినప్పుడు, పందేలకు పనికిరావని పక్కన పెట్టిన రెండు ఆడ గుర్రప్పిల్లలను యజమాని ఆయనకే ఇచ్చేశాడు. వాటి తండ్రి ఎక్కడో చలిదేశం నుంచి వచ్చిన బరువులు లాగే గుర్రం, తల్లి మన దిక్కు గుర్రం. కాళ్లు చూస్తే ఒక జాతి, మొఖం చూస్తే ఇంకో జాతి. డెక్కలు ఒక్కొక్కటి అన్నం తినే పళ్లెమంత ఉండేవి. తెల్లది చాందీ, ఎర్రది నూరీ.

ఉప్పుగూడ స్టేషను దాటాక, పట్టాల వెనక, నాలా గట్టును ఆనుకుని ఎకరం నేల కౌలుకు చేస్తాడు పెద్దబాపు. పచ్చగడ్డి, జొన్నచొప్ప పెంచి లాల్‌దర్వాజా, శాలిబండ సందుల్లోని బర్రెల కొట్టాలకు వేస్తాడు. బండికే కాదు, నాగలికి కూడా ఆ గుర్రాలనే కట్టేవాడు. పట్టాల మీద నడిచిపోయేవాళ్లు ఆగి చూసి నవ్వేవారు.

"కైలాసమన్నా, దున్నుడైనంక బరాత్ గిట తీస్తవా ఏంది?"

"పెండ్లికొడుకువి నువ్వైతే తీస్త. పిల్ల దొరికిందా మరి?" అనేవాడు ఆయన, చాందీ చెవులు చూస్తూ.

అమ్మకు ఒంట్లో బాగాలేక తొమ్మిదో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. అమ్మ కోలుకున్నాక మళ్లీ బడికి పోవడానికి సిగ్గేసింది. అప్పటి నుంచి పెద్దబాపు దగ్గరే పని. గడ్డి కోసేదాన్ని, కొట్టం కడిగేదాన్ని, బండి వెనక గడ్డి మోపుల మీద కూర్చుని సందులన్నీ తిరిగేదాన్ని. గుర్రాలు మనల్ని ఏమీ అడగవు. అది నాకు బాగుండేది.

చాందీ ఎప్పుడూ ఎడమపక్క, నూరీ కుడిపక్క. నాగలికైనా, బండికైనా, కొట్టంలో గాడి ముందరైనా అంతే. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మారలేదు.

బోనాలకు పది రోజుల ముందు, తెల్లవారి చూస్తే చాందీ పడుకుని కడుపు వైపు తల తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఒళ్లంతా చెమట. పెద్దబాపు దాన్ని లేపి నడిపించే ప్రయత్నం చేస్తూనే నాతో అన్నాడు. "స్వరూపా, నూరీని మల్లన్న దగ్గరికి తీస్కపో. నాడాలు ఎట్లాగూ కొట్టియ్యాలె. ఇది ఈడుంటే దాన్ని నిమ్మళంగ ఉండనియ్యది."

నేను నూరీని శాలిబండకు నడిపించుకుని పోయాను. మల్లన్న ఆ పక్కన గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి. ఆయన రెండో కాలు పట్టుకుని ఉండగా నా ఫోను మోగింది.

"నేను చెప్పేదాక తీస్కరాకు," అన్నాడు పెద్దబాపు. ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం మూడయ్యేదాకా మల్లన్న దుకాణం ముందు నిలబడ్డాను. నూరీ ఉప్పుగూడ వైపే తల పెట్టి నిలబడింది. మళ్లీ ఫోను వచ్చాక తీసుకుపోయేసరికి కొట్టం ఫినాయిలుతో కడిగి ఉంది. గాడి ఎడమ భాగం కూడా కడిగేశారు.

"పాణం వోయింది. మున్సిపాలిటోళ్ల బండి వచ్చి తీస్కపోయింది," అన్నాడు పెద్దబాపు. ఆయన చేతులకు గోళ్లదాకా మట్టి ఉంది. నేను చూశాను గానీ అడగలేదు.

నూరీ లోపలికి వచ్చి తన చోట్లో తాను నిలబడింది. ఎడమపక్కకు తల తిప్పి ఒకసారి పిలిచింది. చెవులు ముందుకు పెట్టి జవాబు కోసం ఆగింది. ఆ తర్వాత మళ్లీ పిలవలేదు. జవాబు వచ్చినట్టే చెవులు దించుకుంది.

వారం తర్వాత పెద్దబాపు బండికి ఒంటి గుర్రానికి తగ్గట్టు కర్రలు బిగించి నూరీని కట్టాడు. అది లాగింది. కానీ రోడ్డు మధ్యకు జరిగి, ఎడమపక్క ఇంకో గుర్రం పట్టేంత చోటు వదిలి నడిచింది. ఎంత గుంజినా అటు రాలేదు. కుడికి మలుపు వచ్చినప్పుడు, బయటివైపు గుర్రం తిరిగి వచ్చేదాకా ఆగినట్టు ఆగి, అప్పుడు కదిలేది. నీళ్ల తొట్టి దగ్గర తాను తాగాక, ఇంకొకరు తాగేంత సేపు నిలబడేది. తల ఎత్తేది కాదు.

లాల్‌దర్వాజా దగ్గర ఒక ఆటో అతను వెనక నుంచి హారన్ కొట్టి కొట్టి అరిచాడు. "ఏం కాకా, గంత జాగా ఖాళీగ పెట్టుకుని రోడ్డంత నీదే అన్నట్టు పోతున్నవ్! నీ తాత కట్టిచ్చిండా?"

ఆ ఖాళీలోంచి ముందుకు పోదామని ఆటో దూర్చాడు. నూరీ పళ్లు బయటపెట్టి ఆటో పైకప్పు గుడ్డను చింపేసింది. తొమ్మిదేళ్లలో అది ఎవరినీ కొరకలేదు. ఆటోలో కూర్చున్న పాప ఏడవలేదు. నూరీ పక్కన ఏమీ లేని చోటును ఆ పిల్ల కింది నుంచి పైకి, ఎత్తయినదాన్ని చూసినట్టు చూసింది.

పట్టాల కింది దారిలోకి బండి దిగితే డెక్కల చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగి వస్తుంది. అది నాకు తెలుసు. అయినా ఒకరోజు కళ్లు మూసుకుని విన్నాను. రెండు గుర్రాల నడక. మరునాడు దిగి పక్కన నడిచాను. మధ్యలో పెద్దబాపు పగ్గం పట్టి ఆపాడు. నూరీ ఆగింది. చప్పుడు ఆ తర్వాత ఒక్క అడుగు వేసి ఆగింది. నేను పెద్దబాపు వైపు చూశాను. ఆయన నూరీ చెవులు చూస్తున్నాడు. అవి రెండూ ఎడమపక్కకు తిరిగి ఉన్నాయి.

ఇవన్నీ భరించవచ్చు. నూరీ తినడం మానేసింది. పొద్దున రెండు పిడికిళ్ల తవుడు, అంతే. పచ్చగడ్డి వేస్తే మూతితో ఎడమపక్కకు తోసేది. పక్కటెముకలు బయటపడ్డాయి. మెడపట్టా వదులై జారేది. పశువుల డాక్టరు వచ్చి పళ్లు చూశాడు, కడుపు చూశాడు, రక్తం తీసుకుపోయాడు. రోగమేమీ లేదన్నాడు. ఇట్లాగే ఉంటే పదిహేను రోజులు కూడా నిలవదన్నాడు.

మా కళావతి పెద్దమ్మ ఒక బడిలో ఆయాగా చేస్తుంది. నోరు పెద్దది. ఆ సాయంత్రం అన్నం పెడుతూ అంది. "మా అక్కింటికి నేను వారం దినాలు పోతే ఒక్క పూటన్న ముద్ద మానినవా నువ్వు? గుర్రానికున్నంత సోయి లేదు నీకు."

"నువ్వొస్తవని నాకెర్కనే గదా," అన్నాడు పెద్దబాపు. అని, చెయ్యి కంచంలోనే పెట్టి ఆగిపోయాడు. ఆ పూట ఇంకేమీ తినలేదు.

శ్రావణంలో ముసురు పట్టి మడి అంతా నీళ్లు నిలిచాయి. గడ్డి కుళ్లుతోంది. గట్టు మూలన మాత్రం నేల కొంచెం ఎత్తు. అక్కడ రెండు మంచాలంత జాగాలో గడ్డి నా నడుము దాకా పెరిగి ఉంది. మిగతా చోట అది మోకాలు కూడా దాటలేదు. అంత మంచి గడ్డిని పెద్దబాపు ఎందుకు వదిలేశాడో అనుకుంటూ ఒక మోపు కోసి తెచ్చి గాడిలో వేశాను.

నూరీ తల ఎత్తింది. ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. నోరు పెట్టడానికి ముందు ఆ గడ్డికి నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత తిన్నది. ఆత్రంగా కాదు, ఒక్కొక్క పరక ఏరుకుని. నా వేళ్లకు అంటుకున్న మట్టిని కూడా నాకింది. నేను సంతోషంతో పరుగెత్తాను.

"పెద్దబాపూ! తింటున్నది! నూరీ తింటున్నది!"

ఆయన లేచి రెండు అడుగులు వేసి ఆగాడు. "ఏ గడ్డి? ఏడ కోసినవ్?"

"గట్టు మూలకు."

ఆయన మొఖం చూసి నాకు భయమేసింది. కొట్టంలోకి పోయి గాడిలో మిగిలిన గడ్డిని రెండు చేతులతో ఎత్తి బయట పారేశాడు. నూరీ ఆయన్ని చూస్తూ నిలబడింది. నోట్లో ఉన్న పరకను మింగలేదు, వదల్లేదు.

"మున్సిపాలిటోళ్లు తీస్కపోలేదు బిడ్డా," అన్నాడు. మొదటిసారి నా మొఖం చూసి మాట్లాడాడు. "వాళ్లు గొలుసేసి గుంజుతమన్నరు. నాకు మనసొప్పలే. నాలా పనికొచ్చిన జేసీబీ ఉండె. ఆ మూలకు తవ్విపిచ్చి పెట్టిన. పైన నేనే గడ్డి నాటిన, ఎవలకు తెల్వకుంట."

ఫారంలో ఒక పద్ధతి ఉండేదట. జతలో ఒకటి చచ్చిపోతే రెండోదాన్ని తీసుకొచ్చి పక్కన నిలబెట్టాలి. అది వాసన చూస్తుంది. దానంతట అదే మొఖం తిప్పుకునేదాకా ఎవరూ కదిలించకూడదు. అప్పుడే జత తెగుతుంది.

"ఆ పని ఫారంల నా చేతనే చేపిచ్చేటోళ్లు. ఒక గుర్రం గట్ల దినమంతా నిలవడి మొత్తుకున్నది. ఆ గొంతు నా చెవులల్ల ఇప్పటికీ ఉన్నది. నూరీ గట్ల మొత్తుకుంటే ఇననీకి నాకు ధైర్యం సాలలే. అందుకే నిన్ను శాలిబండల్నే ఆపిన."

ఆపినది ఆయన. ఆగినది నేను. ఫోనులో ఎందుకు అని ఒక్క మాట కూడా అడగలేదు.

చచ్చినదాని మీద మొలిచినది పెట్టకూడదని ఆయన పట్టు. రెండు రోజులు నూరీ తవుడు కూడా ముట్టలేదు. మూడో రోజు తెల్లవారి చూస్తే పడుకుని ఉంది. బరువైన గుర్రం పడుకుని లేవకపోతే దాని ఒంటి బరువే దాన్ని చంపుతుంది. పెద్దబాపు మల్లన్నకు ఫోను చేశాడు. ఇద్దరూ భుజాలు పెట్టి లేపబోయారు. కదలలేదు.

"ఇగ కాదు కైలాసం," అన్నాడు మల్లన్న చెమట తుడుచుకుంటూ. "దీని దినాలైపోయినయ్."

పెద్దబాపు కొంచెంసేపు దాని పక్కన కూర్చున్నాడు. లేచి, "పార తీస్కో," అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు మల్లన్న.

"దీనికి సూపిస్త."

"పిచ్చి లేసిందా? ముప్పై అయిదు దినాలైనంక ఏం సూపిస్తవ్?"

"ఉన్నదే సూపిస్త."

నన్ను ఆ మూల గడ్డి ఒక మోపు కోయమన్నాడు. ఈసారి ఆయనే నాతో కోయించాడు. నేను దాన్ని నూరీ మూతికి అందీ అందకుండా పట్టుకుని వెనక్కి నడిచాను. అది ముందు కాళ్లు చాపింది. వణికింది. రెండుసార్లు కూలబడి, మూడోసారి లేచింది. అట్లాగే అడుగు అడుగుగా గట్టు మూలకు తీసుకుపోయాను.

అప్పటికే వాళ్లిద్దరూ తవ్వుతున్నారు. ముసురులో మడి మట్టంతా చల్లగా ఉంది. ఆ గుంతలో మాత్రం మోకాలి లోతుకు వచ్చేసరికి మట్టి వెచ్చగా తగులుతోందని మల్లన్న పార వదిలేసి పైకి వచ్చేశాడు. "నాతోని కాదు," అన్నాడు. పెద్దబాపు ఒక్కడే ఇంకో నాలుగు పారలు తీశాడు. వాసన వచ్చింది. నేను చున్నీ మూతికి కట్టుకున్నాను. ఒక చోట, మట్టిలో తెల్లని వెంట్రుకలు కొన్ని కనబడ్డాయి. ఆయన పార పక్కన పెట్టి గట్టు మీద, అటువైపు తిరిగి, రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు.

నూరీ గుంత అంచుకు వచ్చి తల కిందికి వంచింది. నేను దాని అరుపు కోసం ఒళ్లు బిగబట్టుకున్నాను. అది అరవలేదు. ముక్కుతో గట్టిగా గాలి పీల్చి, మెల్లగా వదిలింది. మళ్లీ పీల్చింది. రెండు రైళ్లు పోయాయి. వాన పడి ఆగింది. దాని నోటి ముందు నేను పట్టుకున్న గడ్డిని అది చూడనైనా లేదు.

ఎంతసేపయిందో తెలియదు. నూరీ ఒకసారి ఒళ్లంతా దులుపుకుంది. తల ఎత్తి, గుంత మీద నుంచి మొఖం తిప్పుకుంది. నేను పగ్గం వదిలేశాను. అది తనంతట తాను కొట్టం వైపు నడిచింది. గాడిలో నిన్నటి జొన్నచొప్ప వాడిపోయి ఉంది. కొంచెంసేపటికి నమిలే చప్పుడు వినిపించింది.

నేను పోయి పెద్దబాపు చేతులు చెవుల మీద నుంచి తీశాను.

"మొత్తుకున్నదా?" అన్నాడు.

"లేదు. తింటున్నది. జొన్నచొప్ప."

ఆయన నమ్మలేదు. చెవి అటు పెట్టి విన్నాడు. విన్నాక కూడా లేవలేకపోయాడు. మల్లన్న ఆయన భుజం పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

గుంత పూడ్చే పని నాకు మిగిలింది. తవ్వి పోసిన మట్టి అంతా లోపలికి తోశాను. నిండలేదు, లోపల ఉన్నది లేచి పోయినట్టు. చుట్టూ ఉన్నది గీకి వేశాను, అయినా లోతుగానే ఉంది. గట్టు దాకా పోయి గంపతో మట్టి మోసుకొచ్చి పోస్తూ ఉంటే, ప్రతి గంపా నిలవకుండా లోపలికి దిగిపోయేది. ఏడో గంపకు నేల సమమైంది. పైన గడ్డి నాటలేదు. కాళ్లతో తొక్కి, గట్టి చేసి, వెనక్కి తిరిగి చూడకుండా కొట్టానికి వచ్చేశాను. నూరీ ఇంకా తింటూనే ఉంది.